మోడెం లెక్కల మహామహులకు రావివలస సన్మాన పత్రం

శ్రీమన్మహా గణితజ్ఞ శిఖామణీ, సగటు సంఖ్యా సామ్రాజ్య సార్వభౌమా, ఎంగేజ్ టోను నాదబ్రహ్మా, ఒక్క మోడెమైనా ఖాళీగా కూర్చుని సోమరిపోతు కాకుండా కాపాడిన పొదుపు ధురంధరా! డయలప్ ఇంటర్నెట్ రోజుల్లో శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసకు ఎన్ని లైన్లు చాలునో, ఎన్ని మోడెములు చాలునో దూరాన చల్లని గదిలో కూర్చుని ఒక్క కాగితం మీద తేల్చిపారేసిన తమరికి టెక్కలి పక్కన రావివలస నుంచి, పలాస కాశీబుగ్గల నుంచి, ఉద్దానం కొబ్బరితోటల నుంచి సాష్టాంగ వందనాలు. తమరి పేరు ఇక్కడ రాయడం లేదు. తమరు కొలువు చేసిన సంస్థ పేరూ రాయడం లేదు. గుప్తదానం చేసినవారిని పేరు పెట్టి పిలిస్తే దానఫలం తరిగిపోతుందని పెద్దలంటారు. మా కోసం తమరు ఎంత దానం చేశారో ఈనాటికీ ఎవరి కంటా పడలేదు కనక, అంతకన్నా గుప్తమైన దానం మరొకటి ఉండదు.

తమరి విద్యకు గొప్ప వంశావళి ఉంది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఈ దేశంలో మొట్టమొదటిసారి మామూలు జనానికి ఇంటర్నెట్ వాకిలి తెరిచింది. డయలప్ వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు వంటి మహానగరాల వాళ్ళు వేలకు వేలు కట్టి వచ్చి ఆ వాకిట్లోనే నిలబడిపోయారు. ఎంతమంది వస్తారో ముందుగా ఆరా తీయడమనే చవకబారు కుతూహలం ఆ ప్రణాళికలో లేదు. కొన్న మోడెములు మన లైన్లకు పొసగుతాయో లేదో పరీక్షించి చూసే అనుమానపు బుద్ధీ లేదు. అంతటి నిర్మల చరిత్రకు ఒకే ఒక్క మచ్చ తగిలింది: ఆనాటి సంస్థ అధిపతి బి.కె. సింగల్ జనం ముందుకు వచ్చి, పొరపాటు జరిగింది, గిరాకీని తక్కువ అంచనా వేశాం అని ఒప్పుకుని క్షమాపణ చెప్పుకున్నారు. పెద్దపెద్దవాళ్ళకు కూడా ఇలాంటి బలహీన క్షణాలు వస్తాయి. తమరికి మాత్రం అలాంటి క్షణం ఒక్కటీ రాలేదు. తమరి నోట క్షమాపణ అన్న మాట విన్న పాపాత్ముడు ఉద్దానంలో లేడు.

సముద్రాల అవతల కూడా తమరికి సాటి రాగలవాళ్ళు తక్కువే. 1996 డిసెంబరులో అమెరికా ఆన్‌లైన్ అనే సంస్థ నెలకు 19.95 డాలర్లు కడితే ఎంతసేపైనా వాడుకోండని చాటింపు వేసింది. జనం ఒక్కసారిగా మీదపడ్డారు, దేశమంతా ఎంగేజ్ టోను మారుమోగింది. ఇంతవరకూ తమరి శిష్యులే అనిపించేంత చక్కగా నడిచిన ఆ సంస్థ, రెండు నెలలు తిరక్కుండానే ధైర్యం కోల్పోయింది. రాష్ట్రాల అటార్నీ జనరళ్ళు నిలదీస్తే 1997 జనవరిలో వాడుకదారులకు డబ్బు వాపసు ఇస్తామని ఒప్పుకుంది, లైన్లూ మోడెములూ పెంచడానికి 35 కోట్ల డాలర్లు పెడతామంది. అంత పెద్ద దేశంలో ఒక్క శీతాకాలం పాటు నిలవలేని స్థైర్యాన్ని తమరు మా మధ్య ఏళ్ళ తరబడి నిలబెట్టారు. డబ్బు వాపసు అనే అశుభపు మాట మా కౌంటర్ల దగ్గర ఏనాడూ వినబడనివ్వలేదు.

తమరి పాండిత్యానికి మూలపురుషుడు డెన్మార్కువాడు. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఆగ్నర్ క్రారప్ ఎర్లాంగ్ 1917లో ఒక సూత్రం ప్రచురించాడు. ఇన్ని లైన్లుండి ఇంత రద్దీ వస్తే నూటికి ఎందరికి ఎంగేజ్ టోను వినబడుతుందో ముందే చెప్పేస్తుందది. ఒక లైను గంటసేపు తెరిపి లేకుండా పనిచేస్తే ఆ పనిని ఈనాటికీ ఒక ఎర్లాంగ్ అంటారు. ఎక్స్‌ఛేంజి నుంచి మోడెములుండే ఇంటర్నెట్ నోడ్‌కు డిజిటల్ లైన్లు ముప్పయ్యేసి ఒక కట్టగా వస్తాయి. నూరు కాల్స్‌లో ఒక్కటే తిరిగిపోవాలంటే అలాంటి కట్ట సుమారు 20 ఎర్లాంగులు మొయ్యగలదు. కుశలమడిగి మూడు నిమిషాల్లో పెట్టేసే మాటలైతే గంటకు 400 కాల్స్ సాఫీగా సాగిపోతాయి. అరగంట కూర్చునే ఇంటర్నెట్ వాడకమైతే అదే కట్ట 40 కాల్స్‌కే నిండిపోతుంది. ఈ 400కీ ఆ 40కీ మధ్య ఎంతెంత మామూలు ఇంజినీర్లు నిద్రపట్టక దొర్లారో! తమరు మాత్రం తాతల నాటి మూడు నిమిషాల కుశలప్రశ్నను గుండెలకు హత్తుకుని, కొత్త యంత్రం వచ్చినా, కొత్త అలవాటు వచ్చినా, కొత్త శతాబ్దమే వచ్చినా, పాత అంకెను విడవని ఏకపత్నీవ్రతులై వెలిగారు.

ఆ సూత్రంలో ఎర్లాంగ్ ఒక చిన్న షరతు పెట్టాడు. ఎంగేజ్ విన్నవాడు ఫోను పెట్టేసి తన పని చూసుకోవాలి, ఆ గంటలో మళ్ళీ రాకూడదు. ఆ షరతును తమరు అక్షరాలా నమ్మారు. ఒక నోడ్‌కు 600 మంది చందాదారులున్నారనుకుందాం. రాత్రి ఒకే గంటలో నూటికి పదిమంది అరగంటేసి వాడుకోవాలనుకున్నారనుకుందాం. అవి 60 కాల్స్, 30 ఎర్లాంగులు. ఉన్నవి 30 లైన్లు. ముప్పయికి ముప్పయి, పెళ్ళిచూపుల్లో జాతకాలు కలిసినంత ముచ్చటగా కలిశాయి. సూత్రం మాత్రం నూటికి 13 మందిని వాకిలి నుంచే పంపేస్తుంది. అలా పంపేసిన కాశీబుగ్గ కుర్రాడు మర్యాదగా పడుకోడు. రీడయల్ కొడతాడు, మళ్ళీ కొడతాడు, మోడెంకే ఆ పని అప్పగించి పక్కన కూర్చుంటాడు. ఒక్కొక్కడు పదిమందై వచ్చి పడితే 13 అన్న అంకె కాగితం మీదే మిగులుతుంది. జనం మీద తమరికున్న గౌరవం ఎంతటిదంటే, ఉద్దానంలోని ప్రతి మనిషినీ ఒక్క తిరస్కారంతో తృప్తిపడి వెళ్ళిపోయే ఉత్తమ సంస్కారిగా భావించారు. మా అమ్మానాన్నలకు కూడా మా మీద అంత మంచి అభిప్రాయం లేదు.

ఇక్కడే తమరి మహత్తరమైన ఆవిష్కరణను కొనియాడాలి. మోడెముల అర లోపల లెక్కల పుస్తకం ఒకటి తనంతట తనే రాసుకునేది: ఎవరు లోపలికి వచ్చారు, ఎన్ని నిమిషాలున్నారు, ఎప్పుడు వెళ్ళారు. లోపలికి రాలేకపోయినవాడి పేరు అందులో ఉండదు. తిరిగిపోయిన కాల్స్ సంఖ్య ఎక్స్‌ఛేంజిలో వేరే లెక్కలో పడి ఉంటుంది. అక్కడికి వెళ్ళి అడిగితే ఇస్తారు. అడగడమంటే యాచన, తమరు యాచించే వంశంలో పుట్టలేదు. కనక తమరి పుస్తకంలో వచ్చినవాళ్ళందరూ వచ్చారు, రానివాళ్ళెవరూ లేరు. ముప్పయి మోడెములకూ ముప్పయి మందీ ఉన్నారు, ముప్పయ్యొకటోవాడు పుట్టనే లేదు. దుఃఖాన్ని నివారించడానికి మహాత్ములు ఎన్నో మార్గాలు చెప్పారు గాని, దుఃఖించేవాణ్ణి పద్దులోంచే తప్పించే మార్గం కనిపెట్టినవారు తమరొక్కరే.

సగటు మీద తమరి భక్తి గురించి చెప్పేటప్పుడు మా ఊరి దేవుణ్ణి తలచుకోకుండా ఉండలేం. రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి పైకప్పు లేకుండా ఎండకూ వానకూ ఆరుబయటే నిలిచి ఉంటాడు. మామూలు రోజున ఆ ఆవరణలో మనిషికి మనిషి దూరంగా, తీరుబడిగా దణ్ణం పెట్టుకుంటారు. కార్తీక సోమవారం నాడు ఒడిశా నుంచి కూడా జనం వచ్చి నేల ఈనినట్టుంటుంది. చదువుకోని మా పెద్దలు ఆ సోమవారాలనే లెక్కలోకి తీసుకుని వరసలకు వెదురు కట్టించారు, అన్నదానానికి బియ్యం తూయించారు, మంచినీళ్ళు పెట్టించారు. ఏడాది పొడుగునా వచ్చే జనాన్నంతా కూడి 365తో భాగిస్తే రోజుకు ఎంత తక్కువమంది వస్తారో, ఎన్ని వెదుళ్ళు ఆదా అవుతాయో వాళ్ళకు తోచలేదు. ఆ మాత్రం భాగహారం వచ్చి ఉంటే స్వామికి కార్తీకమాసంలో ఎంత ప్రశాంతంగా ఉండేదో! ఆ లోటును టెలిఫోన్ లైన్ల మీద తమరు తీర్చారు. తెల్లవారుజామున మూడు గంటలకు తమరి మోడెములు ఖాళీగా మిణుకుమంటూ ఉంటే వాటిని రాత్రి పదకొండు గంటల తోపులాటతో కలిపి, రెండుతో భాగించి, అంతా సుభిక్షంగా ఉందని రాసి పై అధికారికి పంపారు.

ఆ పదకొండు గంటల తోపులాట కూడా ఊరికే రాలేదు. ఆ రోజుల్లో రాత్రి 11 దాటితే ఎస్టీడీ చార్జీ పావు వంతుకు దిగేది. నోడ్ లేని ఊరివాడు పెద్ద ఊరికి ఎస్టీడీ చేసి ఇంటర్నెట్ అందుకోవాలి కనక, దేశంలోని బీదవాళ్ళందరూ ఒకే నిమిషానికి ముహూర్తం పెట్టుకునేవారు. పగలు ధర పెంచి జనాన్ని రాత్రికి తోలడం, రాత్రికి లైన్లు పెంచకుండా జనాన్ని పగటికి తోలడం, ఈ రెండు కొసలనూ రెండు చేతుల్లో పట్టుకుని సమతూకంగా నిలబడడం సామాన్యులకు సాధ్యమయ్యే యోగం కాదు. పతంజలి చెప్పిన ఎనిమిది అంగాలకూ తమరు తొమ్మిదోది కలిపారు.

ఇక లైన్ల నాణ్యత. 1998లో వి.90 అనే ప్రమాణం వచ్చి, మోడెం పెట్టెల మీద 56 కిలోబిట్లని బంగారు అక్షరాలతో అచ్చువేశారు. ఆ వేగం రావాలంటే నోడ్ వైపు లైను పూర్తిగా డిజిటల్‌గా ఉండాలి, దారిలో సంకేతం అనలాగ్‌కు ఒక్కసారే మారాలి. మా దిక్కున ఆ సంకేతం ఎక్స్‌ఛేంజికి ఎక్స్‌ఛేంజికీ మధ్య ఎన్నెన్ని వేషాలు మార్చుకుని వచ్చేదో భాగవతులవారికి కూడా అన్ని వేషాలు తెలియవు. సముద్రపు ఉప్పుగాలి కనెక్షన్లను తినేది, వానాకాలంలో కేబుల్ జాయింట్లలోకి చెమ్మ దిగేది, కొబ్బరిమట్ట తీగల మీద వాలి సేదతీరేది. పెట్టె మీద 56 అని ఉంటే తెర మీద 28.8 అని వచ్చేది, ఒక్కోసారి అదీ వచ్చేది కాదు. మాకు ఆశ ఎంత, ప్రాప్తం ఎంత అన్న వేదాంతాన్ని రెండు అంకెల్లో బోధించిన సద్గురువులు తమరు. కేబుల్ మార్చడానికి ఖర్చు పెట్టి ఉంటే మాకు ఆ జ్ఞానోదయం కలిగేదా?

ఈ పరంపర ఇంకా వెనక నుంచి వస్తున్నదే. 1984లో పుట్టిన సీ-డాట్ సంస్థవారు ఏసీ గది లేకపోయినా ఎండకూ దుమ్ముకూ తట్టుకునే 128 పోర్టుల గ్రామీణ ఎక్స్‌ఛేంజి తయారుచేసి, 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది పెట్టారు. పల్లెటూళ్ళు ఇలాగే ఉంటాయి, యంత్రమే వాటికి తగ్గట్టు ఉండాలి అనుకున్న ఆ ఇంజినీర్ల అమాయకత్వం చూస్తే జాలేస్తుంది. తమరి వంశంవారు అంత తేలిగ్గా దిగజారలేదు. ఊరికో పబ్లిక్ టెలిఫోను అని చెప్పి పెట్టిన గ్రామీణ రేడియో వ్యవస్థలో పదిహేను ఫోన్లకు కలిపి రెండే చానెళ్ళు. ఏ రెండూళ్ళవాళ్ళో మాట్లాడుకుంటుంటే తక్కిన పదమూడు ఊళ్ళూ మౌనవ్రతం. పురిటినొప్పులు, పాముకాటు, తుపాను హెచ్చరిక వంటివి ఒకే రోజు మూడూళ్ళకు రాకూడదన్న శుభాకాంక్ష ఆ రెండు చానెళ్ళలో ఎంత నిండుగా ఉందో చూడండి. ఇంటర్నెట్‌కు మోడెములు లెక్కకట్టే వేళకు తమరి చేయి ఆ శుభాకాంక్షలోనే తిరిగి ఉంది.

తమరి బోధనా పటిమకు కాశీబుగ్గ నెట్ సెంటరే సాక్షి. పరీక్షా ఫలితాలు ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టాక, ఫలితాల రోజున ఆ చిన్న గది ముందు చెప్పులు రోడ్డు దాకా పరుచుకునేవి. వజ్రపుకొత్తూరు వైపు నుంచి బస్సెక్కి వచ్చిన తల్లి, కొడుకు హాల్ టికెట్ నంబరు చీటీని కొంగుకు ముడివేసుకుని కూర్చునేది.

“ఓ బావూ, ఇంకోపాలి కొట్టి సూడు నాయినా.”

“కొడతన్నానమ్మా. ఎంగేజే వస్తంది. అక్కడ కాలీ నేదంట.”

“పేసయ్యాడో నేదో సెప్పడానికి గూడ కాలీ నేదేటి?”

ఆ ప్రశ్నకు నెట్ సెంటర్ కుర్రాడి దగ్గర జవాబు లేకపోయింది, తమరి దగ్గరైతే తప్పక ఉంటుంది. ఫలితాలు ఏ తేదీన వస్తాయో ప్రభుత్వం ముందే ప్రకటించేది. పేపర్లలో మొదటి పేజీలో వేసేవారు, రేడియోలో చెప్పేవారు. ఆ ఒక్క తేదీ తమరి దృష్టికి మాత్రమే రాకుండా ఉండాలంటే ఎంత ఏకాగ్రత కావాలి! తపస్సు చేసుకునే మునికి అప్సరసలు వచ్చి ఎదురుగా ఆడినా కళ్ళు తెరవడన్న మాట పురాణాల్లో చదివాం, తమరి ద్వారా నిజమని తెలుసుకున్నాం. ఓర్పు అనే సుగుణం పుస్తకాల్లో చదివితే వచ్చేది కాదు. ఆ తల్లికి ఒక్క మధ్యాహ్నంలో అది సంపూర్ణంగా అబ్బింది, సాయంత్రం బస్సు తప్పిపోయేదాకా అబ్బింది.

పలాస జీడిపప్పు వ్యాపారులకు తమరు చేసిన ఉపకారం వేరే. డబ్ల్యూ 240 రకమా, డబ్ల్యూ 320 రకమా, బేరగాడు ఎంతకు అడుగుతున్నాడు, ఎక్కడ ధర పెరిగింది అన్నది ఆ పూట తెలిస్తే అమ్మేవాడికి గర్వం పెరుగుతుంది, కొనేవాడి మీద గౌరవం తగ్గుతుంది. మెయిల్ తెరుచుకునేసరికి ధర మారిపోయి ఉండేలా చూసి, బట్టీల దగ్గర పొగలో జీడిగింజలు వలిచే ఆడవాళ్ళ కూలిలో అత్యాశ చొరబడకుండా కాపాడారు. ఓడల మీదా, గల్ఫ్‌లోనూ పనికి వెళ్ళిన ఉద్దానం కుర్రాళ్ళు రాసిన ఉత్తరాలు మెయిలు పెట్టెలో భద్రంగా నిలవ ఉండేవి. దగ్గరివాళ్ళ మాట వెంటనే వినబడితే విరహం పలచబడిపోతుందనీ, విరహం పలచబడితే ప్రేమ నిలవదనీ ప్రబంధ కవులకు తెలిసిన రహస్యం తమరి లైన్ల సంఖ్యలో దాగి ఉంది. కవిసంఘాలవారు తమరిని ఇంకా గుర్తించకపోవడం వారి దురదృష్టం.

ఆర్థికశాస్త్రంలోనూ తమరు తక్కువవారు కారు. ఎంగేజ్ టోనుకు డబ్బు లేదని లోకం అనుకుంటుంది. తమరి దూరదృష్టి అక్కడ ఆగిపోలేదు. లైను కలిసి, మోడెములు రెండూ కీచుమంటూ పరస్పరం పలకరించుకుని, పాస్‌వర్డ్ అడిగేలోపు తెగిపోయిందనుకోండి, అది లోకల్ కాల్ కిందే లెక్క. మూడు నిమిషాల పల్సు మీటరు మీద అక్షరాలా పడుతుంది. పది సార్లు కలిసి పది సార్లు తెగితే పది పల్సులు, ఇంటర్నెట్ చూసిన కాలం సున్నా. ఏమీ ఇవ్వకుండా పుచ్చుకోవడం దొంగతనమని ధర్మశాస్త్రాలంటాయి. ఆశ ఇచ్చి పుచ్చుకున్నారు కనక తమరిది శుద్ధమైన వర్తకమే. పైగా గంటల లెక్కన ముందే కొనుక్కున్న ప్యాకెట్టుకు గడువు ఒకటుండేది. లోపలికి వెళ్ళలేక మిగిలిపోయిన గంటలు గడువు రాగానే స్వర్గానికి వెళ్ళిపోయేవి. వాటిని తిరిగి చూసినవాళ్ళు లేరు.

సమానత్వ స్థాపకులుగా తమరి కీర్తి చిరస్థాయి. 1998 నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ నెలలోనే దేశంలో ప్రైవేటు సంస్థలకు ఇంటర్నెట్ సేవల తలుపు తెరుచుకుంది. రాజధానికి వేగం వచ్చింది. రాష్ట్రం మొత్తానికీ అదే ఇస్తే రాజధానికి ప్రత్యేకత ఏముంటుంది? కొసన ఉన్నవాళ్ళకు కొసరు, మధ్యన ఉన్నవాళ్ళకు అసలు అన్న న్యాయాన్ని తమరు కచ్చితంగా పాటించారు. మా దగ్గర మాత్రం రైతు, పంతులు, షావుకారు, కలెక్టరాఫీసుకు అర్జీ పెట్టుకునేవాడు, అందరికీ ఒకే శ్రుతిలో, ఒకే లయలో ఎంగేజ్ టోను వినిపించి కులమత భేదాలు రూపుమాపారు. 2001 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ డయలప్ సేవల నాణ్యతకు నిబంధనలు జారీచేసి, నోడ్ దగ్గర నూటికి ఒక్క కాలే తిరిగిపోవాలంది. తమరు ఆ నిబంధనను ఎంత భక్తితో స్వీకరించారో చెప్పలేం. చట్రం కట్టించి గోడకు తగిలించారు, దాని వైపు తేరిపార చూస్తే మైలపడుతుందేమోనని తల తిప్పుకుని నడిచారు.

కొందరు కుత్సితులు మరోలా చేసేవారట. రోజుకు ఏ గంట అన్నిటికన్నా రద్దీగా ఉంటుందో వెతికి పట్టుకుని, ఆ గంటకే లైన్లు లెక్కకట్టేవారట. పదిమంది చందాదారులకు ఒక మోడెమన్న వాడుక లెక్కతో మొదలుపెట్టి, తిరిగిపోయిన కాల్స్‌ను వారంవారం ఎక్స్‌ఛేంజి నుంచి తెప్పించుకుని ఆ లెక్కను దిద్దుకునేవారట. మోడెములు నిండక ముందే కొత్త కట్టకు దరఖాస్తు పెట్టేవారట, దరఖాస్తుకూ లైనుకూ మధ్య నెలలు పడతాయని వాళ్ళకు ముందే తెలుసు కనక. ఇలాంటివాళ్ళ ఊళ్ళలో జనం డయల్ చేయగానే కలిసిపోయి, తమ పని తాము చూసుకుని, ప్రణాళికాకర్త అనే మహానుభావుడొకడు ఉన్నాడన్న సంగతే మరచిపోయారు. కృతఘ్నులు! మేం మాత్రం రోజూ రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా తమరిని స్మరించుకున్నాం. ఏ దేవుడికీ మా ఊళ్ళో అంత నియమంగా, అంత సేపు, అన్ని ఇళ్ళలో ఏకకాలంలో నామస్మరణ జరగలేదు.

మోడెముల కాలం ముగిసినా తమరి శకం ముగియలేదు. 2004లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించి 256 కిలోబిట్లను కనీస వేగమంది. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను రాష్ట్రపతి ప్రారంభించారు. కాలం మారిందని, తమరి విద్యను పాతసామానులో వేస్తారని మేం కలవరపడ్డాం. అక్కర్లేకపోయింది. ఒక సెల్ టవరుకు ఎంతమంది, ఒక ఫైబరు పోగుకు ఎన్ని ఇళ్ళు అని లెక్కకట్టే చోట తమరి శిష్యప్రశిష్యులు కొలువుతీరారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస తీరాన్ని దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లతో పాటు కరెంటూ, ఫోన్లూ నేలకొరిగాయి. నిలిచిన ఒకటీ అరా టవర్ల మీద అన్ని ఊళ్ళవాళ్ళూ ఒకేసారి తమవాళ్ళు బతికున్నారా అని అడగబోయారు. ఆ గంట కూడా సగటులో కలిసిపోయి, ఏడాది నివేదికలో అందంగా ఒదిగింది. 2020లో పిల్లలు పాఠాలు వినడానికి మేడల మీదకీ మిట్టల మీదకీ ఎక్కినప్పుడు, అది చదువుతో పాటు వ్యాయామం కూడా నేర్పే విధానమని తమరి పరంపర తెలిసినవాళ్ళకు వెంటనే అర్థమైంది. లోపలికి వచ్చినవాణ్ణే లెక్కపెట్టు, బయట నిలబడినవాణ్ణి లెక్కపెట్టకు అన్న తమరి మహావాక్యం రాగి తీగ నుంచి గాజు తీగకూ, గాజు తీగ నుంచి గాలికీ చెక్కుచెదరకుండా సంక్రమించింది.

కనక ఓ నిరంతర నిమగ్న నాదప్రియా, అంకగణిత వైరాగ్య చక్రవర్తీ, ముప్పయ్యొకటోవాడి జన్మను రద్దుచేసిన అపర విధాతా, ఈ శాలువా స్వీకరించండి. ఇది కూడా తమరి పద్ధతిలోనే నేయించాం. ఏడాదిలో ఎండ ఎన్ని నెలలు, చలి ఎన్ని నెలలు అని సగటు చూసి కొలత తీస్తే భుజం ఒకటి కప్పితే చాలునని తేలింది. తమరికి దీర్ఘాయువు కలుగుగాక. తమరు ఉద్యోగ విరమణ చేసి మా తీరానికే వచ్చి, కొబ్బరితోట మధ్య ఇల్లు కట్టుకుని, ఆ ఇంటికి తమరే లెక్కకట్టిన లైను పెట్టించుకుందురుగాక. దూరదేశాన ఉన్న కొడుకు ఏటా ఒక్కసారి పలకరించే రాత్రి, మనవరాలి ఫలితాలు వచ్చే మధ్యాహ్నం, తుపాను దాటిన తెల్లవారుజాము, ఆ మూడు వేళల్లోనూ తమరు ఫోను ఎత్తిన ప్రతిసారీ తమరి సూత్రమే తమరికి జవాబిచ్చుగాక. అప్పుడు తమరు ఎన్నిసార్లు డయల్ చేశారో లెక్క రాసుకునేవారు ఎవరూ ఉండరు కనక, తమరి పద్దులో అంతా సవ్యంగానే ఉన్నట్టు నమోదగుగాక.

ఇట్లు, తమరి పుస్తకంలో ఎక్కని విధేయులు.